అనంతపురం కరువు కథ: చెప్పినవారు, చెప్పకుండా వదిలినవి

తెలుగు సాహిత్యంలో 'కరువు కథ' అనే ప్రత్యేక శాఖ ఏర్పడడానికి కారణమైన నేలల్లో అనంతపురం పీఠభూమిది మొదటి స్థానం. నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలు అడ్డుకోగా, బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలం కోల్పోతాయి కనుక ఈ ప్రాంతం వర్షచ్ఛాయలో, అంటే రెండు రుతుపవనాల నడుమ పొడిగా మిగిలిపోయే జాగాలో, పడింది. ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కాగా, అది కూడా అదునుకు కురుస్తుందన్న నమ్మకం లేదు. వాన కురవకపోవడం ప్రకృతి వల్ల జరిగేది. దానిని ఆకలిగా, ఆకలిని వలసగా, వలసను చావుగా మార్చేవి మాత్రం శిస్తు, అప్పు, ధర, కులం, నీటి పంపకం వంటి మనుషుల ఏర్పాట్లు. ఈ రెండింటి తేడాను చూపని రచన చదివేవారిని ఎంతగా ఏడిపించినా అది సగం అబద్ధమేనన్న ఎరుక ఇక్కడి రచయితలకు ఒక్కరోజులో కలగలేదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

ఆ చరిత్రను 1800 నుంచి మొదలుపెట్టడం న్యాయం. ఆ సంవత్సరం నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేయడంతో బళ్లారి, కడప, నేటి అనంతపురం ప్రాంతాలకు 'దత్తమండలాలు' అన్న పేరు స్థిరపడింది. ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 దాకా ఇక్కడ పనిచేసిన థామస్ మన్రో, జమీందారు వంటి మధ్యవర్తి లేకుండా ప్రతి రైతుతోనూ ప్రభుత్వమే నేరుగా శిస్తు కుదుర్చుకునే రైతువారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. ఆ పద్ధతిలో శిస్తు నగదు రూపంలో నిర్ణయమై ఉంటుంది. వాన రాని ఏడు దానిని తగ్గించాలా వద్దా అన్నది అధికారి దయ. శిస్తు బరువు ఎక్కువగా ఉందనీ, నాలుగో వంతు తగ్గించాలనీ 1807లో మన్రోయే సిఫారసు చేసినా, ఆయన మద్రాసు గవర్నరై 1820లో తిరిగి వచ్చాక గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. ఈ సీమ పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారన్న సంగతిని చరిత్ర పుస్తకాలు ఇష్టంగా చెబుతాయి గాని, ఆ తగ్గింపు కోసం రైతు ఎదురుచూసిన పదమూడేళ్లను అంత ఇష్టంగా చెప్పవు. మంచి దొర కథ నిజమే కావచ్చు. దానిని ఒక్కదాన్నే చెప్పడం మాత్రం నిజం కాదు.

కరువును చెప్పడంలో ఉన్న చిక్కులన్నీ ఒక్కసారిగా బయటపడిన సందర్భం 1876-78 నాటి మహాక్షామం. అది మొదలైన తెలుగు సంవత్సరం ధాత కనుక జనం దానిని ధాత కరువు అన్నారు. దక్షిణాదిలో అది అన్నిటికంటే ఘోరంగా తాకిన జిల్లాలలో బళ్లారి ఒకటి. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, అది వేరు జిల్లాగా ఏర్పడింది 1882లో. అంతకు కొద్దికాలం ముందే వచ్చిన రైలు మార్గం కరువుసీమకు తిండిగింజలు తెచ్చిపెడుతుందని పాలకులు చెప్పారు. గింజలు నిజంగానే కదిలాయి, కాని ఎక్కడ ధర పలికితే అక్కడికి కదిలాయి. కొనే శక్తి లేనివాడికి రైలుకట్ట పక్కన ఊరున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఖర్చు తగ్గించడానికి 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ పంపగా మద్రాసు రాష్ట్రానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో రాయి కొట్టి మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. దీనికే 'టెంపుల్ కూలి' అన్న పేరు వచ్చింది. రాష్ట్ర పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న వైద్యుడు కార్నిష్ ఆ కూలి తిని ఆ పని చేసేవాడు బతకడని అభ్యంతరం చెప్పడంతో, ఇద్దరు అధికారుల మధ్య లిఖితపూర్వకంగా వాదం నడిచి, చివరకు ఆ ఏడాదే కూలి పెరిగింది. ఒక మనిషి బతకడానికి ఎన్ని గింజలు కావాలన్న ఆ తగువులో రెండు పక్షాల వాదనలూ అచ్చయి నేటికీ దొరుకుతుండగా, ఆ గింజలు తిన్నవాడి మాట మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

అప్పటి 'మద్రాస్ టైమ్స్' సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో ఈ కరువు చరిత్రను రెండు సంపుటాలుగా అచ్చు వేశాడు. సహాయనిధి సంఘానికి కార్యదర్శిగా పనిచేసినవాడు కనుక అతనికి లోపలి సంగతులు తెలుసు. ప్రభుత్వపు తప్పును తప్పని రాసే ధైర్యమూ ఉంది. అయినా చందాలు పోగుచేసేవాడి రాతకు ఒక పరిమితి ఉంటుంది: ఇంగ్లండులోని దాత మనసు కరగాలంటే కరువు బాధితుడు నిస్సహాయుడుగా, నోరులేనివాడుగా కనిపించాలి. ఆ పరిమితికి చివరి అంచు విల్లోబీ వాలస్ హూపర్ తీసిన ఫొటోలు. మద్రాసు సైన్యంలో అశ్వికదళాధికారి అయిన హూపర్, ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులు గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి, కెమెరాకు అనువుగా సర్ది ఫొటోలు తీశాడు. ఆ మనుషుల పేర్లు గాని, వాళ్ల ఊళ్లు గాని బొమ్మల కింద ఉండవు. ఫొటోకు కూర్చున్నవారికి అతడు సాయం చేయలేదన్న విమర్శ ఆ కాలంలోనే వచ్చింది. 1886లో బర్మాలో తిరుగుబాటుదారులను కాల్చి చంపే క్షణాన్ని కెమెరాలో పట్టడానికి తుపాకులు పేల్చే సమయాన్నే ఆలస్యం చేయించాడన్న ఆరోపణ మీద అతని పైన విచారణ కూడా జరిగింది. ఆ ఫొటోల్లో ఉన్న ఎముకలు అబద్ధం కావు, చావు అబద్ధం కాదు. చూపేవాడు తన అవసరానికి తగ్గట్టు ఎదుటి మనిషిని సర్దుకోవడంలోనే తప్పు ఉంది. కరువును రాసే ప్రతి రచయితా ఏదో ఒక క్షణంలో హూపర్ నిలబడిన చోట నిలబడక తప్పదు; నిలబడ్డాక ఏం చేస్తాడన్నదే ప్రశ్న.

మహాక్షామం తరువాత వేసిన క్షామ కమిషన్ 1880లో నివేదిక ఇచ్చాక కరువు నిర్వహణకు నియమావళి తయారైంది, 1905లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన అనంతపురం జిల్లా గెజెటీరు వెలువడింది. గెజెటీరు అంటే జిల్లా భూగోళం, చరిత్ర, పంటలు, పాలనలను అధికారుల ఉపయోగం కోసం ఒకచోట చేర్చిన గ్రంథం. అందులో కరువుకు ఒక అధ్యాయం ఉంటుంది. వాన ఎంత తగ్గింది, ధర ఎంత పెరిగింది, పనుల మీద ఎందరున్నారు, ఖర్చెంత అన్న వరుసలో ఆ అధ్యాయం సాగుతుంది. లెక్కలు చాలావరకు నమ్మదగినవే కనుక నేటి పరిశోధకుడు కూడా వాటినే ఆశ్రయించక తప్పదు. ఐతే ఆ కథనంలో దోషి ఎప్పుడూ ఆకాశమే, రక్షకుడు ఎప్పుడూ ప్రభుత్వమే. దీనికి బదులు చెప్పే తెలుగు రాత ఆనాటికి ఇంకా పుట్టలేదు. కరువు జ్ఞాపకమంతా సంవత్సరాల పేర్ల మీద, పాటల మీద, ముసలివాళ్ల మాటల మీద నడిచింది. నంది కొండల దగ్గర పెన్నేరు పుట్టిన నాటి నుంచి కథ ఎత్తుకునే జంగాలు, బుర్రకథలవాళ్లు చదువుకున్నవారి దృష్టిలో సాహిత్యకారులు కారు.

ఆ లోటును మొదట పూడ్చింది పత్రిక. పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురంలో 'శ్రీ సాధన' వారపత్రికను ప్రారంభించారు. కోస్తాలోనూ మద్రాసులోనూ అచ్చయ్యే పత్రికలకు దత్తమండలాల కరువు ఎక్కడో ఒక మూల వార్త కాగా, ఈ పత్రికకు అది ఇంటి సంగతి. అక్కడే అచ్చయి అక్కడివారే చదివే రాతలో ఒక కట్టుబాటు ఉంటుంది: ఫలానా చెరువు తెగిందని రాస్తే ఆ చెరువు కింది రైతు చదువుతాడు, కూలి ఇంత ఇచ్చారని రాస్తే ఆ కూలి పుచ్చుకున్నవాడి కొడుకు చదువుతాడు. దూరపు పత్రికలో చెల్లిన అతిశయోక్తి ఇక్కడ చెల్లదు. అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన పండితుడు చిలుకూరి నారాయణరావు 1928 నవంబరులో నంద్యాల సభలో, ఎవరో ఎవరికో ఇచ్చేసిన భూమి అన్న అర్థం మోసే దత్తమండలాలన్న పేరును వదిలి 'రాయలసీమ' అన్న పేరు పెట్టుకోవాలని సూచించడం, సభ ఒప్పుకోవడం కూడా ఈ కాలంలో జరిగిన పనే. కొత్త పేరు ఆత్మగౌరవాన్నిచ్చింది. దానితోపాటు రాయల కాలంలో రత్నాలు రాశులుగా అమ్మిన వైభవాన్ని తలచుకుని నేటి దుస్థితికి వగచే అలవాటునూ ఇచ్చింది. ఈ అలవాటు సీమ రచనను చాలాకాలం వదల్లేదు. వైభవం వర్ణించేటప్పుడు ఆ రాశులు ఎవరి ముంగిట పడ్డాయని అడగడం మర్యాద కాదనుకున్నారు.

శ్రీ సాధన పాత సంచికలను తిరగేసి దాని సాహిత్య చరిత్రను పుస్తకంగా రాసిన అప్పిరెడ్డి హరినాథరెడ్డి 2014లో కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం పొందారు. అటువంటి వెతుకులాటకు ముందు, సీమలో ఆధునిక కథ చాలా ఆలస్యంగా మొదలైందనీ, 1941లో వెలువడిన గుత్తి రామకృష్ణ 'చిరంజీవి'తో కరువు కథకు నాంది జరిగిందనీ విమర్శకులు స్థూలంగా ఒప్పుకుంటూ వచ్చారు. పాత పత్రికలు బయటపడే కొద్దీ ఆ తేదీ వెనక్కి జరుగుతోంది. సాహిత్య చరిత్ర రాసేవాడికి కూడా నిజాయతీ అవసరమన్నది ఇక్కడే తెలుస్తుంది: కథలు లేవని అనడానికీ, కథలున్న పత్రికలను ఎవరూ దాచలేదని అనడానికీ మధ్య చాలా దూరం ఉంది.

'చిరంజీవి' వెలువడిన ఆ కాలంలోనే తరిమెల గ్రామానికి చెందిన ఇద్దరు యువకులు, విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి, 'నవ్యసాహిత్యమాల' పేరిట చిన్న పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. కరువుకు ఆకాశంతోపాటు వడ్డీవ్యాపారికీ, శిస్తుకూ, యుద్ధకాలపు ధరలకూ కూడా బాధ్యత ఉందని చెప్పే ఆర్థిక దృష్టి సీమ రచనలోకి వచ్చింది ఇటువంటి ప్రయత్నాల ద్వారానే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర నీళ్లలో రాయలసీమకు ప్రాధాన్యం ఇస్తామని కోస్తా నాయకులు ఒప్పుకున్నారు. ఆ తరువాత కరువు గురించి రాసిన ఏ తెలుగు రచయితకైనా, నీళ్లు లేకపోవడం వేరు, రావలసిన నీళ్లు రాకపోవడం వేరు అన్న సంగతి తెలియదని అనడానికి వీల్లేదు. తెలిసీ రాయనివారే ఎక్కువ.

తెలిసి రాస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి సీమ బయట ఉంది. బెంగాల్ కరువు 1943లో వచ్చినప్పుడు చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు మేదినీపూర్ పల్లెల్లో తిరిగి, తాను గీసిన బొమ్మల పక్కన ఆ మనుషుల పేర్లూ, ఊళ్లూ, వాళ్లు పోగొట్టుకున్న భూమి వివరాలూ రాసుకున్నాడు. వాటితో వచ్చిన పుస్తకాన్ని ప్రభుత్వం జప్తు చేసింది. హూపర్ ఫొటోలను ఏ ప్రభుత్వమూ జప్తు చేయలేదన్నది గమనించదగిన విషయం. దయ పుట్టించే బొమ్మ ఎవరికీ ప్రమాదకరం కాదు. పేరూ, సర్వే నంబరూ ఉన్న బొమ్మ ప్రమాదకరం.

విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' 1950ల కరువుల నుంచి, సీమ పల్లెల్లో గంజికేంద్రాలు తెరిచిన రోజుల నుంచి వచ్చిన కావ్యం. తరువాతి కాలపు సీమ సాహిత్యమంతా దీనిని తల్లివేరుగా భావిస్తుంది కనుక దీని దగ్గర కొంతసేపు ఆగడం అవసరం. ఇసుక తప్ప నీరు లేని పెన్నేరు నేపథ్యంలో, ఒకప్పుడు కలిగిన కుటుంబంలో పుట్టి కూలికి దిగిన రంగడు, అతని ఇల్లాలు గంగమ్మ ఇందులో ప్రధాన పాత్రలు. సంస్కృత పాండిత్యం గట్టిగా ఉండి, ఆంధ్రప్రభ వారపత్రిక సంపాదకుడుగా పేరు పొందిన కవికి పాత వైభవాన్ని మహాకావ్యపు శైలిలో ఊరేగించడం ఎంత సులువో ఊహించవచ్చు; ఆ వైభవాన్ని తలచుకునే మనసూ కావ్యంలో కనిపిస్తుంది. అయినా కవి చూపు తిరిగి తిరిగి ఆ ఇంటి పొయ్యి మీదికే వస్తుంది. ఆ పూట ఆ ఇద్దరూ ఏం తిన్నారు, తినడానికి ఏం తేవాలి, అది తెచ్చేందుకు ఒంట్లో బలం ఎంత ఉంది అన్న ప్రశ్నలను వదిలి కావ్యం దూరం పోదు. బాధితుడు ఇక్కడ గుంపులో ఒకడు కాదు, పేరున్న మనిషి. అతనికి పంతం ఉంది, సిగ్గు ఉంది, పెళ్లాం మీద ప్రేమ ఉంది. డిగ్బీ రాతలోనూ హూపర్ ఫొటోలోనూ లేనిది ఇదే. ఐతే రంగడు ఒకప్పటి భూస్వామి బిడ్డ అన్న సంగతిని కూడా మరచిపోకూడదు. కలిగినవాడు చితికిపోవడం పాఠకుణ్ని కదిలిస్తుంది. ఏనాడూ కలిమి ఎరగని మాలమాదిగ కూలి ఆకలికి అంతటి నాటకీయత ఉండదు. కరువు కథకు నాయకుడుగా చితికిన రైతునే ఎంచుకునే పద్ధతి ఈ కావ్యంతోనే బలపడిందని అనడం విశ్వం పట్ల అగౌరవం కాదు.

సీమ కథ 1970ల తరువాత జోరందుకుంది. కడప నుంచి 'సంవేదన' పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి నిర్మొహమాటపు విమర్శకుడు పొరుగున ఉండడం దానికి కొంత మేలు చేసింది. జీవితంలో లేనిదాన్ని కథలో పెడితే ఆయన ఎవరినీ వదిలేవారు కాదు. అనంతపురంలో ఈ తరానికి పెద్దదిక్కు సింగమనేని నారాయణ. బండమీదపల్లిలో 1943లో రైతు కుటుంబంలో పుట్టి, తెలుగు ఉపాధ్యాయుడుగా జీవించి, 2021లో మరణించిన ఆయన కథల్లో 'జూదం' పేరు ముందు చెబుతారు. ఆ కథ వెనుక ఉన్న సేద్యపు మార్పు తెలియకపోతే దాని బరువు అందదు. కొర్ర, సజ్జ, జొన్న, కంది కలిపి విత్తుకుని, ఒకటి పోయినా ఒకటి చేతికొచ్చేటట్లు చూసుకున్న మెట్ట సేద్యం, 1960ల తరువాత క్రమంగా వేరుశనగ ఒక్కదానికే లొంగిపోయింది. దేశంలో అతి పెద్ద విస్తీర్ణంలో వేరుశనగ వేసే జిల్లాగా అనంతపురానికి పేరొచ్చింది. ఇంటి గింజలు చల్లిన కాలంలో కరువొస్తే పోయేది పంట. విత్తనక్కాయలకు, మందులకు, బోర్లకు అప్పు తెచ్చిన కాలంలో పంటతో పాటు భూమీ పోతుంది. పదును వాన పడగానే గొర్రు కట్టి విత్తినవాడు, ఆ తరువాత వచ్చే ఒరుపులో, అంటే వానకూ వానకూ మధ్య పడే ఎండు విరామంలో, ఊడలు దిగని చేనును చూస్తూ కూర్చోవాలి. సింగమనేని ఈ వ్యవహారాన్ని దైవఘటనగా చూపకుండా, రైతు తెలిసి తెలిసి కూర్చోక తప్పని ఆటగా చూపారు. రైతు ఆశను కూడా ఆయన దాచలేదు. రైతును కేవలం అమాయకుడుగా చూపితే పాఠకుడికి జాలి తేలిక. తప్పని తెలిసీ మరుసటి ఏడు మళ్లీ అదే విత్తే మనిషిగా చూపితే ఆ తప్పు ఎవరి చేతుల్లో తయారైందో వెతకవలసి వస్తుంది.

'సీమ కథలు' సంకలనాన్ని 1992లో కూర్చి, ఇక్కడి కథకులను మిగతా తెలుగువారికి పరిచయం చేసిన పని కూడా సింగమనేనిదే. ఆ కథకుల్లో చాలామంది బడిపంతుళ్లు, గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు. నెల జీతం అందుకునే వీళ్లు, జీతం లేని అన్నదమ్ముల గురించి, పల్లెలో మిగిలిన తల్లిదండ్రుల గురించి రాశారు. ఆ దూరం వాళ్ల కథల్లో తరచు ఒక పాత్రగా కనిపిస్తుంది: పండుగకో చావుకో ఊరికి వచ్చిన ఉద్యోగి, ఊరి పరిస్థితి చూసి, చేతనైన సాయం చేసో చేయకో తిరిగి బస్సెక్కుతాడు. దీనిని మధ్యతరగతి బలహీనత అని కొందరు తీసిపారేశారు గాని, తాను ఎక్కడ నిలబడి చూస్తున్నాడో దాచకుండా చెప్పడంలో రచయిత నిజాయతీ ఉందన్న మాటను కూడా ఒప్పుకోవాలి. కరువు పనిలో మట్టి మోసినట్లు నటించే కథనం కంటే, గట్టున నిలబడి చూశానని చెప్పే కథనం మేలు. కాకపోతే గట్టు మీద నుంచి కనిపించనివి చాలా ఉంటాయి.

కనిపించని వాటిని చూపడానికి ముందుకొచ్చినవారిలో బండి నారాయణస్వామి ముఖ్యుడు. అనంతపురం మాటతీరును సంభాషణలకే పరిమితం చేయకుండా కథనమంతటా పారించడం వల్ల, 'వానరాలే' వంటి కథల్లో కరువును వివరించే పండితుడు మాయమై, కరువులో ఉన్నవాడే మాట్లాడతాడు. యాసను అలంకారంగా వాడినవారికీ ఈయనకూ తేడా ఉంది: ఈ కథల్లో ఆ మాటకారితనం వెటకారాన్నీ, కోపాన్నీ, లెక్క తేల్చే తెలివినీ కూడా మోస్తుంది కనుక పాత్ర పాఠకుడి జాలికి తలవంచదు. 2017లో వెలువడి 2019 సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఆయన 'శప్తభూమి' నవల 18వ శతాబ్ది అనంతపురాన్ని, హండే పాలకుల కాలాన్ని తీసుకుంటుంది. రాయల తరువాతి ఆ కాలంలో పల్లె ఎట్లా బతికింది, కింది కులాలు ఏం భరించాయి, ఆడపిల్లను దేవుడికి వదిలి ఊరందరి సొత్తు చేసే బసివి ఆచారం ఎవరి అవసరానికి నిలిచింది అన్న సంగతులు అందులో కథగా నడుస్తాయి. రత్నాల రాశుల జ్ఞాపకానికి ఇంత గట్టి జవాబు సీమ సాహిత్యంలో అంతకు ముందు రాలేదు. చారిత్రక నవలాకారుడికి ఊహ తప్పదు, కాని ఆ ఊహ గెలిచినవాడి శాసనంలో లేని మనుషుల వైపు మొగ్గడం ఒక ఎంపిక. స్వామి ఆ ఎంపికను బాహాటంగా చేశారు.

రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసిన చిలుకూరి దేవపుత్ర దళిత జీవితాన్ని కథల్లోకీ, 'పంచమం' నవలలోకీ తెచ్చారు. భూమి రికార్డులు చూసే చేతులతో రాసిన కథలు కనుక వాటిలో భూమి ఎవరి పేర ఉంది, ఎవరి స్వాధీనంలో ఉంది అన్న వివరం వదులుగా ఉండదు. చెరువు ఎండినప్పుడు రైతుకు పంట పోతే, ఆ పంట కోతకు పోయి గింజలు తెచ్చుకునేవాడికి ఏడాది తిండి పోతుంది. నీళ్లు తగ్గిన ఊరిలో బావి దగ్గర కులం గీత మరింత లోతవుతుంది. కరువు అందరికీ ఒకటే అన్న మాట దేవపుత్ర తరువాత చెల్లదు. స్త్రీల సంగతికి వస్తే సీమ కథ చరిత్ర ఇంకా అసంపూర్ణమే. నీళ్లబిందె మోసే ఆడది ప్రతి కథలోనూ ఉంది, ఆమె చెప్పిన కథ మాత్రం అరుదు.

ఈ రచయితలంతా పల్లె గురించి రాస్తున్న కాలంలోనే సినిమా వేరే సీమను తయారుచేసింది. 1999 నాటి 'సమరసింహారెడ్డి' విజయం తరువాత కత్తులూ, బాంబులూ, సుమోల వరుసలూ ఉన్న రాయలసీమ తెలుగు తెర మీద పదేళ్లకు పైగా నడిచింది. ముఠాకక్షలు ఈ సీమలో లేవని ఎవరూ అనరు. వాటి కోసం కూలినాలి జనం ప్రాణాలు పోగొట్టుకున్న మాట వాస్తవం. కాని వాన గురించి గాని, కాలువ గురించి గాని, అప్పు గురించి గాని ఒక్క మాట లేకుండా పగ ఒక్కటే చూపితే, చూసేవాడికి మిగిలేది భయమో వినోదమో తప్ప సీమ కాదు. ఉన్నదాన్నే చూపుతున్నామన్న సమర్థన ఇక్కడ పనికిరాదు. ఉన్నదానిలో అమ్ముడుపోయే ముక్కను మాత్రమే చూపినవారు మరో రకం హూపర్లు.

1990ల చివర నుంచి రైతుల ఆత్మహత్యలు పెరిగినప్పుడు, నిజం చెప్పడమనే ప్రశ్న సాహిత్యాన్ని దాటి దఫ్తరాలలోకి వెళ్లింది. పురుగుమందు తాగి చనిపోయినవారి చావులు అనంతపురంలో పెద్ద సంఖ్యలో కడుపునొప్పి భరించలేక జరిగినవిగా నమోదైన సంగతిని పత్రికారచయిత పి. సాయినాథ్ 2000 దశకం తొలి ఏళ్లలో వెలికితీశారు. మందు తాగినవాడికి కడుపునొప్పి వస్తుంది కనుక ఆ నమోదు అక్షరాలా అబద్ధం కాదు. కారణాన్ని చివరి గంటకు కుదించడంతో అప్పు, విత్తనం, ధర అన్నీ కాగితం నుంచి జారిపోయాయి. 2004లో వచ్చిన 421వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు ఇవ్వాలని చెప్పింది. ఆ చావు నిజంగా సేద్యపు అప్పుల వల్లనే జరిగిందా అని తేల్చడానికి రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో త్రిసభ్య సంఘం ఏర్పడింది. అప్పటి నుంచి చనిపోయినవాడి భార్య తన భర్త కథను పట్టాదారు పుస్తకం, అప్పు పత్రాలు, శవపరీక్ష నివేదికలతో సహా ముగ్గురు అధికారుల ముందు నమ్మేటట్లు చెప్పవలసి వస్తోంది. వడ్డీవ్యాపారి ఇచ్చిన అప్పుకు చాలాసార్లు కాగితమే ఉండదు. ఇంతకంటే కఠినమైన కథాపరీక్ష ఏ సంపాదకుడూ ఏ రచయితకూ పెట్టలేదు.

ఈ పరీక్షలో మొదటే ఓడిపోయేది కౌలురైతు కుటుంబం. పట్టా ఇంకొకరి పేర ఉంటుంది, కౌలు నోటిమాట మీద నడుస్తుంది. 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చి కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇస్తామన్నా, రెండో చట్టం ఆ కార్డుకు భూయజమాని సంతకం అడిగింది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. అందువల్ల సేద్యం చేసి చితికినవాడు కాగితం మీద రైతు కాడు, అతని చావు రైతు చావు కాదు. 2012 నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నీళ్లు జిల్లాకు కొంత చేరుతున్నాయి, 2022లో పాత జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది; బెంగళూరు కట్టడాల మీదికీ కేరళకూ పోయే వలసబస్సులు మాత్రం ఆగలేదు. సీమ కథకులు ఇంతవరకు చితికిన పట్టాదారు కథను గొప్పగా చెప్పారు. పట్టా లేనివాడి సేద్యం, కార్డు లేనివాడి అప్పు, ఫైలు తెరవకుండానే మూసేసిన చావు ఇంకా రాయవలసి ఉన్నాయి. వాటికి దఫ్తరంలో సాక్ష్యం దొరకదు కనుక, రాసేవారు ఆ ఇళ్లకు వెళ్లి, ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్న మేరకు, వాళ్లు చెప్పిన తీరులో రాయాలి.